జులూసులో మేమెంతమంది?

మండపేట కలువపువ్వు సెంటర్‌లో మేం నిలబడితే మర్నాడు పేపర్లో రెండే మాటలుంటాయి. అయితే 'వందలాది', లేకపోతే 'భారీగా'. 2011 జనగణన నాటి తూర్పుగోదావరి జిల్లాలో నూటికి ఇద్దరం కూడా లేని మేం ఎంతమందిమైతే భారీ? పండగ జులూసులో రెండొందల టోపీలు రెండువేలలా కనిపిస్తాయి. హక్కులడిగితే రెండువేల మందీ రెండొందలైపోతారు. జనాన్ని లెక్కపెట్టేది కళ్ళు కాదు, కళ్ళవెనక ఉన్న భయమూ ఇష్టమూ.

కొలవడం బ్రహ్మవిద్యేం కాదు. 1960లలో అమెరికాలోని బర్క్‌లీలో హెర్బర్ట్ జేకబ్స్ అనే మాజీ విలేకరి జర్నలిజం పాఠాలు చెప్పేవాడు. కిటికీలోంచి విద్యార్థుల నిరసనలు చూస్తూ కింద నేలమీది కాంక్రీటు గళ్ళలో తలలు లెక్కపెట్టాడు. పలచగా నిలబడితే మనిషికి 10 చదరపు అడుగులు, ఒత్తుగా ఉంటే నాలుగున్నర అని తేల్చాడు. 20 అడుగుల వెడల్పు, 500 అడుగుల పొడవున్న మన బజారులో పలచగా వెయ్యిమంది, కిక్కిరిస్తే రెండువేల పైచిలుకు పడతారు. అంతే.

ఈ లెక్కే 1995లో వాషింగ్టన్‌లో పెద్ద తగాదా అయ్యింది. నల్లజాతి మగవాళ్ళ 'మిలియన్ మ్యాన్ మార్చ్'కు వచ్చింది 4 లక్షలేనని ప్రభుత్వ పార్కుల శాఖ అంది. పిలుపునిచ్చిన లూయీ ఫరాఖాన్ కోర్టుకెక్కుతానన్నాడు. బోస్టన్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న ఈజిప్టు శాస్త్రవేత్త ఫారూక్ అల్‌బాజ్ ఫోటోలు కొలిచి, చివరికి 8 లక్షల 37 వేలన్నాడు. 20 శాతం అటూఇటూ కావొచ్చని కూడా చెప్పాడు. ఆ తర్వాత జనాన్ని లెక్కపెట్టడానికి పార్కుల శాఖకు డబ్బివ్వకుండా అమెరికా కాంగ్రెస్ ఆపేసింది. లెక్క తప్పితే లెక్క సరిచేయాలి. వాళ్ళు లెక్కనే మానేశారు.

2020 జనవరి 4న హైదరాబాదులో పౌరసత్వ సవరణ చట్టానికీ ఎన్నార్సీకీ వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శనకూ 'మిలియన్ మార్చ్' అనే పేరు. ఇందిరా పార్కు ధర్నాచౌక్ చుట్టూ రోడ్లన్నీ నిండాయి. లక్ష, లక్షకు పైగా అని పత్రికలు రాశాయి. ఎవరు పౌరులో ఎవరు కాదో లెక్కతీసే కాగితాల మీద జరిగిన పోరాటమది. అలాంటి పోరాటంలోనే మా తలల లెక్క గాలికి పోవడం ఎంత విచిత్రం!

పది లక్షలమంది ఒత్తుగా నిలబడాలన్నా 45 లక్షల చదరపు అడుగులు కావాలి. డెల్టా రైతు భాషలో చెప్తే వంద ఎకరాలు దాటిన చేను. లక్షమందికి పదెకరాల పైచిలుకు చాలు. వచ్చేవాళ్ళూ వెళ్ళేవాళ్ళూ మారుతుంటారు కాబట్టి మొత్తం మీద ఇంకొందరు కలుస్తారు, నిజమే. అయినా లక్ష తక్కువా? పనులు మానుకుని, భయం దాటుకుని వచ్చిన లక్ష! దాన్ని పదిలక్షలంటే, అబద్ధమని తేలిననాడు ఉన్న లక్షనూ కొట్టేస్తారు. బలహీనుడి లెక్కలో ఒక్క సున్నా ఎక్కువైనా మొత్తం సున్నా అవుతుంది.

అందుకే మా గిన్తీ మేమే రాసుకోవాలి. ఈసారి మండపేటలో జులూసు కదిలితే ఇద్దరు కుర్రాళ్ళను మేడమీద నిలబెడదాం. ఒకరు బజారు కొలత, మరొకరు గళ్ళలో తలలు. ఎప్పుడు, ఎక్కడ, ఎలా లెక్కించామో కూడా రాసి విలేకరి చేతికిద్దాం. ఎనిమిదొందలే వస్తే ఎనిమిదొందలనే రాద్దాం. ఆ ఎనిమిదొందలను ఎవరూ రెండొందలు చెయ్యలేరు.