ఐదో చక్రం, దాని మీది మూత

డిక్కీ, స్టెప్నీ. కారు ఉన్న ఇళ్ళలోనే కాదు, లేని ఇళ్ళలోనూ అందరికీ తెలిసిన మాటలు. మన అవ్వలు కూడా తడబడకుండా పలికే ఈ రెండింటినీ ఇంగ్లండు వాళ్ళు ఎప్పుడో వదిలేశారు. అక్కడ ఎవరినైనా స్టెప్నీ ఎక్కడని అడిగితే లండన్‌లో ఆ పేరున్న పేటకు దారి చూపిస్తారు.

డిక్కీ అంటే మొదట సామాను పెట్టే చోటు కాదు, కూర్చునే చోటు. గుర్రబ్బగ్గీకి బయట నౌకర్లు కూర్చునే పీటను అలా అనేవాళ్ళు. తొలినాటి కార్లకు వెనక మూత తెరిస్తే పైకి లేచే ఒక సీటు ఉండేది, దానికీ అదే పేరు. ఎండా వానా ఆ సీటు మీదే. తర్వాత మనుషులు లోపలికి వెళ్ళారు, ఆ చోట పెట్టెలు చేరాయి. పేరు మాత్రం మన దగ్గర మిగిలిపోయింది.

స్టెప్నీ కథకు వీధి పేరే మూలం. వేల్స్ దేశంలో లానెల్లీ అనే ఊరు ఉంది. అక్కడ స్టెప్నీ స్ట్రీట్‌లో డేవిస్ అనే ఇద్దరు అన్నదమ్ములు, థామస్, వాల్టర్, 1904లో ఒక ఉపాయం కనిపెట్టారు. అంతకుముందు కార్లకు అదనపు చక్రమే ఉండేది కాదు. గాలి టైరుకు డన్‌లప్ 1888లో పేటెంటు తీసుకున్నాడు. కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపు లేకుండా నడవాలని ఆ తండ్రి చేసిన పని అది. గాలి టైరుతో పాటు పంక్చరూ వచ్చింది. గుర్రపు నాడాల మేకులు నిండిన ఆ కాలపు రోడ్ల మీద టైరు పంక్చరైతే, డ్రైవరు మట్టిలో కూర్చుని టైరు ఊడదీసి, ట్యూబుకు అతుకేసి, మళ్ళీ ఎక్కించి, చేత్తో గాలి కొట్టాలి. చక్రాన్ని బండి నుంచి విప్పే వీలు అప్పట్లో ఉండేది కాదు మరి.

డేవిస్ సోదరులు చేసింది ఆకులు లేని ఒక ఉత్త రిమ్ము, దాని మీద గాలి నింపిన టైరు. గాలి పోయిన చక్రానికి పక్కన దాన్ని బిగింపులతో తగిలించుకుని ఇంటికి చేరుకోవచ్చు. లండన్ టాక్సీలు దాన్ని వాడాయి, దేశదేశాలకూ వెళ్ళింది. ఆ పేరు మన దేశంలో నిలిచింది, మాల్టాలో నిలిచింది. బ్రెజిల్ వాళ్ళు ఇప్పటికీ అదనపు చక్రాన్ని ‘ఎస్టెపె’ అంటారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. తొలి స్టెప్నీ పూర్తి చక్రం కాదు, ఇల్లు చేరడానికి మాత్రమే. కొన్నేళ్ళకు నట్లు విప్పి చక్రాన్నే మార్చే పద్ధతి వచ్చింది. అప్పటి నుంచి మిగతా నాలుగింటితో సమానమైన ఐదో చక్రం బండితో పాటే రావడం మొదలైంది. సగం సాయం నిండు సాయమైంది.

మన ప్రాంతానికి ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ఎడ్లబండిలో దూరం వెళ్ళేవాళ్ళు కందెన బుడ్డి, ఒక కడచీల వెంట ఉంచుకునేవాళ్ళు. కడచీల అంటే చక్రం ఇరుసు మీద నుంచి జారిపోకుండా చివర గుచ్చే ఇనుప మేకు. వేలెడు ఉండే ఆ మేకు పోతే బండంతా నిలిచిపోతుంది. నిజాం రాజ్యంలో 1932లో ప్రభుత్వ బస్సులు మొదలైనప్పుడు మొత్తం ఉన్నవి 27. అడవి జిల్లా ఆదిలాబాద్‌లో మోటారు కన్నా ఎడ్లబండే ఎన్నో ఏళ్ళు పెద్ద దిక్కు.

స్టెప్నీ మన ఆడవాళ్ళ చేతికి వచ్చింది స్కూటరుతో. బజాజ్ చేతక్ 1972లో వచ్చింది. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసిన కుటుంబాలు మీకు తెలిసే ఉంటాయి. దానికి ఎడమ పక్క తాళం వేసే డిక్కీ, వెనక స్టెప్నీ. ముందు చక్రం, వెనక చక్రం, స్టెప్నీ మూడూ ఒకటే సైజు, ఏది పోయినా అదే ఎక్కుతుంది. భర్త వెనక పక్కకు తిరిగి కూర్చున్న ఇల్లాలు, మధ్యలో ఒక పిల్ల, ముందు నిలబడ్డ ఒక పిల్లాడు, అందరికన్నా వెనక ఆ గుండ్రటి చక్రం. మన కరీంనగర్‌లో ఏపీ 15, ఆదిలాబాద్‌లో ఏపీ 1 నంబరుతో తిరిగిన ఆ స్కూటర్లలో ఎన్ని సంసారాలు సాగాయో!

ఆ చక్రానికి తొడుగు ఉండేది. బజారులో నల్ల రెగ్జిన్‌వి దొరికేవి, ఇంట్లో కుట్టేవాళ్ళూ ఉండేవాళ్ళు. మా అవ్వ కుట్టింది. దిండు గలేబు కుట్టినంత తేలిక కాదది. టైరు అడ్డం దాదాపు 17 అంగుళాలు. దానికి సరిపడే ఒక గుండ్రటి ముక్క, దాని చుట్టూ తిరిగే ఒక పట్టీ. పట్టీ పొడవు అడ్డానికి మూడింతల కన్నా కొంచెం ఎక్కువ, అంటే 54 అంగుళాలు, కుట్టుకు వదిలేది వేరే. పట్టీ చివర మడిచి కుట్టి అందులో నాడా దూర్చాలి. లెక్కల పుస్తకంలో పిల్లలు బట్టీ పట్టే 22/7ని బడికి పెద్దగా వెళ్ళని ఆడవాళ్ళు గుడ్డ మీద చేసి చూపించారు.

ఆ తొడుగు లేకపోతే రబ్బరు ఎండకు పగుళ్ళు బారుతుంది. ఎన్నడో ఒకనాటి అవసరం కోసం ఏళ్ళ తరబడి ఒక వస్తువును కాపాడడం అది. బియ్యం డబ్బా అడుగున దాచిన నోటు, అటక మీది ఇత్తడి బిందె కూడా అలాంటివే.

అందుకే నాకు ఒక వాడుక అస్సలు నచ్చదు. భార్య ఉండగా మరొక ఆడమనిషిని పెట్టుకుంటే ఆమెను ‘స్టెప్నీ’ అని మగవాళ్ళు నవ్వుకుంటారు. మనిషిని చక్రం అన్నారని ఒక కోపం. నడిరోడ్డు మీద ఆదుకునేదాన్ని వెక్కిరింపుగా మార్చారని ఇంకో కోపం.

చేతక్ ఆగిపోయింది. తర్వాత కొత్తగా వచ్చిన కరెంటు చేతక్‌కు స్టెప్నీయే లేదు. కార్లలోనూ ఐదో చక్రం చిక్కిపోతూ వచ్చింది. బరువు తగ్గాలి, ధర తగ్గాలి, డిక్కీలో చోటు పెరగాలి. అందుకని నాలుగు చక్రాలూ మెరిసే వెడల్పువి ఇచ్చి, లోపల సన్నటి చక్రం ఒకటి పెడుతున్నారు. దాని మీద 80 కిలోమీటర్ల వేగం దాటొద్దని చీటీ అంటించి ఉంటుంది. 2020లో కేంద్ర ప్రభుత్వం నిబంధన మార్చింది. ట్యూబులెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే ఏర్పాటు, పంక్చరు కిట్టు ఉన్న కార్లకు ఇక స్టెప్నీ తప్పనిసరి కాదు. నూటపదహారేళ్ళలో కథ తిరిగి మొదటికే వచ్చిందన్నమాట. ఇల్లు చేరితే చాలన్న కాడికి.

పెద్ద ఊళ్ళలో అది చాలు కావచ్చు. కిట్టులోని జిగురు మేకు దిగిన రంధ్రాన్ని మూస్తుంది. టైరు పక్క భాగం రాయికి కోసుకుపోతే ఏ జిగురూ పనికిరాదు. మన ఉట్నూరు, కెరమెరి, ఖానాపూర్ దారుల్లో టైర్లు పోయేది ఎక్కువగా అలాగే.

ఒక పెళ్ళికి వెళ్ళి ఉట్నూరు నుంచి జన్నారం మీదుగా వస్తుంటే మాకూ అదే జరిగింది. పొద్దుగూకే వేళ. సామానంతా రోడ్డు పక్కన దించి సన్న చక్రం వేశాం. అసలు ఇబ్బంది అప్పుడు తెలిసింది. విప్పిన చక్రం వెడల్పుది కదా, స్టెప్నీ గుంతలో పట్టదు. గుంత మీది అట్ట మూసుకోదు, సామాను కూర్చోదు. చివరికి ఆ మట్టి చక్రాన్ని వెనక సీట్లో మా అత్తమ్మ పక్కన కూర్చోబెట్టాం. ఆమె పట్టుచీర కొంగు దగ్గరికి లాక్కుని, “దీనికీ టికెట్ తీసుకున్నవా బిడ్డా?” అని కొడుకును అడిగింది. నవ్వు వచ్చింది గానీ, లక్షెట్టిపేట లైట్లు కనిపించేదాకా ఆ అడవిలో ఎవరికీ మాట పెగల్లేదు. ఇంకో టైరు పోతే ఏమిటి గతి అన్నదే అందరి మనసులో.

ఇంటికి వచ్చాక నిండు చక్రం కొందామన్నాను. “పెట్టేది ఎక్కడ?” అన్నారు మా ఆయన. గుంతలో పట్టేలా చక్రాన్ని చిన్నది చేసింది కంపెనీ. చక్రానికి పట్టేలా నేలను పెంచుకోవడం మన వంతు.

టైరు మీది అంకెలు చదవడం వస్తే సగం పని అయినట్టే. 215/60 ఆర్ 17 అని ఉందనుకోండి. 215 వెడల్పు, మిల్లీమీటర్లలో. 60 అంటే టైరు గోడ ఎత్తు వెడల్పులో నూటికి 60 వంతులు, అంటే 129. 17 రిమ్ము అడ్డం, అంగుళాల్లో, అంటే 432 మిల్లీమీటర్లు. రెండు వైపులా గోడలు కలిపితే మొత్తం అడ్డం 690. మా సన్న చక్రం 155/90 ఆర్ 16, దాని అడ్డం 685. అడ్డంలో తేడా దాదాపు లేదు, గుంతలో దిగుతుంది. తేడా అంతా మందంలోనే, 215 లోంచి 155 తీస్తే 60. నేల 60 పైకి లేస్తే చాలు. పైన వేలెడు సందు కోసం 70 పెట్టుకున్నాం.

ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె విప్పి డిక్కీ నేల ఆకారం నేనే కత్తిరించాను. జాకెట్టుకు పేపర్ కటింగ్ తీసినట్టే. ఒక్క తేడా ఉంది. జాకెట్టుకు కుట్టు కోసం బట్ట వదులుతాం. ఇక్కడ చెక్క అంచు మీదికి కార్పెట్ మడతపడుతుంది కాబట్టి ఆ మందం మేరకు చెక్కను చుట్టూ తగ్గించాలి. మా వాడకట్టు వడ్లాయన ఆ అట్టను చూసి, “కొలత టైలరమ్మది, కోత నాది” అని 12 ఎంఎం ప్లైవుడ్ కోసి ఇచ్చాడు. చుట్టూ 70 ఎంఎం ఎత్తు చెక్క పట్టీలు, వాటి మీద పలక. పలకను రెండు ముక్కలు చేసి మధ్యలో బందులు వేయించాను, సగం సామాను దించితే చాలు మూత లేస్తుంది. పట్టుకుని లేపడానికి పాత స్కూలు బ్యాగు పట్టీ. పైన రెగ్జిన్ వద్దన్నాను, డబ్బాలు జారుతాయి. కార్పెట్ అంటించాం. పట్టీలకు చక్రానికి మధ్య మిగిలిన మూలల్లో జాకీ, పానా, టార్చిలైటు కూర్చున్నాయి.

మూత కన్నా ముఖ్యమైనది చక్రాన్ని నడుమ బిగించే బోల్టు. వెడల్పు చక్రానికి పాతది పొట్టి అయింది, సరైన పొడవుది వేయించాం. బిగించని చక్రం గట్టిగా బ్రేకు వేసినప్పుడు ముందున్న మనుషుల మీదికి వస్తుంది. ఉత్త పలక దాన్ని ఆపలేదు.

డిక్కీ లోతు రెండున్నర అంగుళాలకు పైగా తగ్గింది, నిజమే. ఒక సకినాల డబ్బా, ఒక తొక్కు జాడీ తక్కువ పడతాయి. ఆ లెక్కకు మా అత్తమ్మే ముందు ఒప్పుకుంది.

కొత్త బండికి కొండగట్టులో పూజ చేయిస్తే నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెడతారు. ఐదోదాన్ని దేవుడి ముందు కూడా ఎవరూ తలవరు. కనీసం మనం తలుద్దాం. ఈ దసరాకు వేములవాడకో, బాసరకో, పుట్టింటికో బయల్దేరే ముందు డిక్కీలో సామాను సర్దేది ఎటూ మన చేతులే. సర్దకముందే ఆ మూత లేపి చూడండి. లోపల చక్రం ఉందా, ఉంటే ఏ సైజుది, దానిలో గాలి ఉందా? విప్పిన చక్రం అందులో పడుతుందా? పట్టకపోతే ఒక అట్టపెట్టె, ఒక కత్తెర, ఒక టేపు ఇంట్లోనే ఉన్నాయి.