ఉత్తరాంధ్ర: భూఫలకాలు, భూకంపాలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు భారత ఫలకం అంచున కాక లోపలి భాగంలో ఉన్నాయి. అందుకే ఇక్కడ పెద్ద భూకంపాలు అరుదు. భూమి పైపొర ఇలాంటి ఫలకాలుగా విడిపోయి ఉంటుంది. భారత ఫలకం ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతూ యురేషియా ఫలకాన్ని నెడుతోంది. హిమాలయాలు లేచింది ఆ తోపుడుకే. రాళ్లలో పోగైన ఒత్తిడి పగుళ్ల వెంట ఒక్కసారిగా విడుదలైతే నేల కంపిస్తుంది.

ఈ ఫలకాల పాత కథ ఇక్కడి కొండల్లోనే ఉంది. తూర్పు కనుమల్లో విరివిగా దొరికే ఖోండలైటు రాయికి ఆ పేరు ఖోండు గిరిజనుల వల్ల వచ్చింది. ఒక ముక్క విరిచి ఎండలో పట్టుకుంటే ఎర్రని గార్నెట్ గింజలు మెరుస్తాయి. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందటి దాకా ఈ తీరం తూర్పు అంటార్కిటికాతో అతుక్కునే ఉండేది. ఇలాంటి రాళ్లు అక్కడా ఉన్నాయి. మన కొండలకు చుట్టాలు మంచుఖండంలో ఉన్నారన్నమాట!

భూకంపాల జాబితాల్లో 1917 ఏప్రిల్‌లో విజయనగరం ప్రాంతంలో వచ్చిన 5.5 తీవ్రత కంపం కనిపిస్తుంది. 2014 మే 21 రాత్రి బంగాళాఖాతంలో సుమారు 6 తీవ్రతతో వచ్చిన భూకంపం ప్రకంపనలు ఈ తీరాన్నీ తాకాయి. 2002 నాటి జాతీయ భూకంప ప్రమాద పటంలో రెండు జిల్లాలూ అతి తక్కువ ప్రమాదమున్న రెండో మండలంలో ఉన్నాయి.

అసలు భయం దూరం నుంచి. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర, ఫలకాల అంచున పుట్టిన సునామీ ఆంధ్ర తీరాన్నీ తాకింది. సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోతే గవ్వలేరుకోవడానికి దిగకండి, ఎత్తయిన చోటికి పరుగెత్తండి.