అమియా దారిలో దక్కన్ సవార్లు

"మామూ, మన చర్చి కంటే పెద్ద చర్చి జూసిన" అన్నాడు నా భాంజా వీడియో కాల్‌లో. అప్పుడు నేను మెదక్‌లో మా మిద్దె మీద ఉన్నాను. నా వెనక మెదక్ చర్చి మీనార్, వాడి వెనక అమియా చర్చి. మధ్యలో మా ఇద్దరి మొఖాలు. వాడు ఫోన్ పైకెత్తి చూపిస్తే నా మెడ పట్టేసింది గానీ ఆ కప్పు మాత్రం అయిపోలేదు.

అమియా ఉత్తర ఫ్రాన్సులో సోమ్ నది ఒడ్డున ఉన్న షహర్. రాసినట్టు పలకరు, పలికినట్టు రాయరు. మా భాంజా అక్కడికి ఒక సెమిస్టర్ కోసం వెళ్లాడు. మొదటి నెలంతా వాడు చెప్పిన ఖబర్లు వింటే నవ్వొచ్చేది. దుకాణంలోకి పోగానే ముందు సలాం చెప్పాలట, బోంజూర్ అనకుండా రొట్టె అడిగితే ఆమె నారాజ్ అవుతుందట. ఆదివారం షహరంతా మూతబడుతుందట. ఊరి పక్కనే నీటి కాలువల మధ్య తోటలున్నాయి, కూరగాయల మళ్లకు పడవలో పోతారు. బాదం, తేనె, గుడ్డు కలిపి చేసే ఒక మిఠాయి అక్కడ మషహూర్. మన బాదం కీ జాలీకి దూరపు చుట్టంలా ఉందని వాడి తీర్పు. హలాల్ గోష్ మొరాకో వాళ్ల దుకాణంలో దొరుకుతుంది.

ఒకరోజు క్లాసులో ఎవరో అడిగారట: "ఇండియా నుంచి ముసల్మాన్ ఈ ఊరికి రావడం నువ్వే మొదలా?" వాడు అవునేమో అనుకున్నాడు. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. బేటా, నువ్వు మొదలు కాదు, నీకంటే వందేళ్ల ముందు మన దక్కన్ ముసల్మాన్లు గుర్రాల మీద ఆ ఇలాఖాకు పోయారు అన్నాను. ఫోన్లో చెప్పింది సగమే. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

నిజానికి మన మనుషుల కంటే ముందు మన నీలిమందు పోయింది. 1220లో మొదలైన ఆ చర్చి వెనక నీలిరంగు వ్యాపారుల డబ్బు కూడా ఉంది. అమియా చుట్టుపక్కల వేద్ అనే మొక్క పండించి, దాని ఆకుల నుంచి నీలిరంగు తీసేవాళ్లు. ఆ వ్యాపారుల బొమ్మలు నేటికీ చర్చి గోడ మీద రాతిలో ఉన్నాయి. తర్వాత హిందుస్తాన్ నీలి ఓడలెక్కి యూరప్‌లో దిగింది. అందులో గోల్కొండ ముల్కు సరుకూ ఉంది. ఖమ్మం దగ్గరి నాగులవంచలో డచ్చి వాళ్లు కోఠీ పెట్టింది ఇలాంటి సరుకుల కోసమే. మన నీలి ముందు వేద్ నిలవలేకపోయింది. 1609లో ఫ్రాన్సు బాద్షా నాలుగో హెన్రీ మన నీలిని వాడితే మరణశిక్ష అని ఫర్మానా తీశాడు. ఒక రంగుకు ఇంత దహషత్!

ఇంకొకటి. కెప్టెన్ నీమో తెలుసు కదా, సముద్రం అడుగున తిరిగే ఆ మనిషి? అతన్ని పుట్టించిన జూల్స్ వెర్న్ 1871 నుంచి 1905లో చనిపోయేదాకా అమియాలోనే ఉన్నాడు. మా భాంజా చదివిన యూనివర్సిటీకి ఆయన పేరే. 1875లో వచ్చిన నవలలో వెర్న్ నీమో గుట్టు విప్పాడు: అతను బుందేల్‌ఖండ్ షెహజాదా, టిప్పు సుల్తాన్‌కు మేనల్లుడి వరస. అమియాలో కూర్చుని ఒక ఫ్రెంచ్ రచయిత అంగ్రేజుల మీద పగబట్టిన హిందుస్తానీని ఊహించాడు. ఆయన పోయిన తొమ్మిదేళ్లకు అసలు హిందుస్తానీలు ఫ్రాన్సులో దిగారు. వాళ్లు వచ్చింది అంగ్రేజుల తరఫున కొట్లాడటానికి.

బొల్లారంలో రిసాలా బజార్ అనే బస్తీ ఉంది. రిసాలా అంటే గుర్రపు దళం. నిజాం పేరు మీద, అంగ్రేజు అఫ్సర్ల చేతికింద నడిచిన హైదరాబాద్ కంటింజెంట్ మిగిల్చిన పేరది. ఆ ఫౌజు ఖర్చుకే 1853లో బేరార్ ఇలాఖా నిజాం చేతిలోంచి జారింది. 1903లో కంటింజెంట్‌ను అంగ్రేజు ఫౌజులో కలిపేసుకున్నారు. దాని మొదటి రిసాలాకు 20వ దక్కన్ హార్స్ అని పేరు పెట్టారు. అందులో సిక్కులు, జాట్లతో పాటు దక్కనీ ముసల్మాన్లు ఉండేవాళ్లు.

1914లో జంగ్ మొదలైంది. సికింద్రాబాద్ కావల్రీ బ్రిగేడ్ పేరుతో దక్కన్ హార్స్, పూనా హార్స్, ఒక గోరా రిసాలా అక్టోబర్‌లో మార్సై రేవులో దిగాయి. సికింద్రాబాద్ ఎండకు అలవాటుపడ్డ గుర్రాలూ మనుషులూ ఉత్తర ఫ్రాన్సు వానలోకి పోయి పడ్డారు. ఆ చలికాలంలోనే సవార్లను గుర్రాల మీంచి దింపి ఖందకాల్లోకి పంపారు. తాత ముత్తాతల నుంచి గుర్రం మీద బతికినవాడికి మోకాలి లోతు బురదలో నిలబడటం ఎంత బేఇజ్జతీగా ఉండి ఉంటుందో! వాళ్లలో చాలామంది తమ గుర్రానికి తామే డబ్బు కట్టుకుని నౌకరీలో చేరినవాళ్లు.

1915 చివర్లో హిందుస్తానీ పైదల్ ఫౌజును ఇరాక్ వైపు మళ్లించారు. రిసాలాలు మాత్రం ఫ్రాన్సులోనే ఉండిపోయాయి. దాడిలో ఒక దర్వాజా తెరుచుకుంటే గుర్రాలు దూసుకుపోవాలని జనరళ్ల ఖయాల్. ఆ దర్వాజా కోసం ఏళ్లకేళ్లు ఇంతజార్. 1916 జులై 14న సోమ్ లడాయిలో ఒకసారి తెరుచుకున్నట్టే కనిపించింది. అమియాకు దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో హై వుడ్ అని సిపాయిలు పిలిచే చిన్న అడవి. తెల్లవారుజామున దాడి మొదలైతే సవార్లు అక్కడికి చేరేసరికి సాయంత్రం అయింది. దక్కన్ హార్స్, గోరా డ్రాగూన్లు కోతకొచ్చిన చేలలోంచి బల్లేలు పట్టుకుని దౌడు తీశారు. కొందరు జర్మన్లు బల్లెం పోటుకు పోయారు, కొందరు చేతులెత్తారు. మరుసటి పొద్దుటికల్లా సవార్లను వెనక్కి పిలిచారు. ఆ అడవి సెప్టెంబర్ 15 దాకా చేతికి రాలేదు. ఆ రోజు కార్నోయ్ లోయలో దక్కన్ హార్స్ బారులు తీరిన తస్వీర్ లండన్ మ్యూజియంలో ఉంది. మషీన్ గన్ల జమానాలో బల్లేలు పట్టుకుని నిలబడ్డవాళ్లను చూస్తే గర్వమో బాధో నాకు తేలదు.

లడాయి రోజులు కొన్నే, మిగతావన్నీ పల్లెల్లో గడిపిన రోజులు. సవార్లు రైతుల కొట్టాల్లో, ఇళ్ల పక్కన మకాం పెట్టారు. అక్కడే అసలు సఫర్‌నామా ఉంది. ఫ్రెంచ్ మగవాళ్లంతా జంగ్‌కు పోతే ఆడవాళ్లు నాగలి పట్టడం చూశారు. బిడ్డను పోగొట్టుకున్న ముసలమ్మలు తమను కొడుకుల్లా చూడటం చూశారు. ఆడపిల్లలు బడికి పోవడం చూసి, మన పిల్లలనూ చదివించండని ఇళ్లకు రాసినవాళ్లున్నారు. ఒక రిసాలా ముసల్మాన్ ఫ్రెంచ్ అమ్మాయిని నికా చేసుకుని, ఇంటికి ఎలా చెప్పాలా అని తంటాలుపడ్డాడు.

ఇవన్నీ మనకెలా తెలుసు? వాళ్ల ఖతులను సర్కార్ దొంగచాటుగా చదివింది కాబట్టి. 1914 చివరి నుంచి హిందుస్తానీ సిపాయిల ఖతులు చదవడానికి ఒక దఫ్తరే పెట్టారు. ఎక్కువ ఖతులు ఉర్దూలో ఉండేవి. చదువురాని సవార్ చెబితే చదువొచ్చినవాడు రాసేవాడు. దఫ్తర్ వాళ్లు అందులోంచి ముఖ్యమైనవి ఇంగ్లీషులోకి మార్చి పైఅధికారులకు పంపేవాళ్లు. సిపాయిలకు సంగతి తెలియదా? తెలుసు. అందుకే ఇషారాలు. నల్ల మిరియాలు, ఎర్ర మిరపకాయలు అని రాస్తే నల్లవి మనవాళ్లు, ఎర్రవి గోరాలు. ఏది ఎక్కువ ఖర్చయిందో ఇంట్లో అర్థం చేసుకోవాలి. అది సెన్సార్ అఫ్సర్‌కూ అర్థమైంది, లేకపోతే మన దాకా వచ్చేదా!

ఆ ఇంగ్లీషు నకళ్లు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అసలు ఖతులు మాత్రం దాదాపు అన్నీ పోయాయి. నా దుఃఖం ఇక్కడే. దక్కన్ సవార్ వాళ్ల అమ్మీకి ఏమని రాశాడు? "హౌ", "నక్కో", "కైకు" అన్న మన దక్కనీ ఆ కాగితాల మీద ఉందా, లేక రాసిపెట్టినవాడు దాన్ని సాఫ్ చేసి కితాబీ ఉర్దూ చేశాడా? ఉన్నా ఇంగ్లీషులో పడి కరిగిపోయింది. విలాయత్‌కు పోయిన నవాబుల సఫర్‌నామాలు బంగారు అట్టలేసుకుని అల్మారాల్లో కూర్చున్నాయి. సవార్ల సఫర్‌నామాను జాసూసు చేతుల్లోంచే చదువుకోవాల్సి వచ్చింది.

దీన్ సంగతి కూడా చెప్పాలి. 1914 నవంబర్‌లో ఇస్తాంబుల్ నుంచి జిహాద్ ఫత్వా వచ్చింది. ఖలీఫా ఒక పక్క, నమక్ తిన్న సర్కార్ ఇంకో పక్క. మన నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ అంగ్రేజుల వైపే నిలబడమని ఫర్మానా తీశాడు, ఖజానా కూడా తెరిచాడు. జంగ్ అయ్యాక యార్-ఎ-వఫాదార్ అన్న బిరుదు ఆయనకు దక్కింది. సవార్‌కు ఏ బిరుదూ లేదు. ఫ్రాన్సులో ఉన్నన్నాళ్లు ఎదురుగా జర్మన్లే గనక దిల్ కొంచెం తేలికపడి ఉంటుంది. 15వ లాన్సర్స్ ముసల్మాన్లను మాత్రం ఫ్రాన్సు నుంచి బస్రాకు తీసుకుపోతే, తుర్కుల మీదికి పోమని 1916లో మొరాయించారు, శిక్షలు పడ్డాయి. మన దక్కన్ హార్స్‌ను 1918లో ఫ్రాన్సు నుంచి కదిలించి ఈజిప్టు, ఫలస్తీన్ దారి పట్టించారు. అక్కడ ఎదురుగా ఉన్నది తుర్కులే.

ఇక మా ఊరి చర్చి. దాన్ని కట్టించిన పోస్నెట్ దొర 1890లలో సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లోని తిరుమలగిరిలో గోరా సిపాయిల మధ్య పనిచేసి, ఆ తర్వాత మెదక్ వచ్చాడు. చర్చి పని 1914లో మొదలైంది. అదే ఏడు, అదే కంటోన్మెంట్ నుంచి సవార్లు ఫ్రాన్సుకు పోయారు. జంగ్ రోజుల్లో వానలు లేక, తిండిగింజలు దొరక్క జనం అల్లాడితే దొర పనిపెట్టి అన్నం పెట్టాడని మా ఊళ్లో అందరూ చెప్పుకునే మాట. మా దాదీ కూడా చెప్పేది. మోసిన రాళ్లకు బదులు మెతుకులు. 1924 డిసెంబర్ 25న 175 అడుగుల మీనార్‌తో చర్చి తెరిచారు. మా మెదక్‌లో జంగ్‌ను గుర్తుచేసే కట్టడం ఏదైనా ఉందంటే నాకు ఇదే. గోడ మీద ఒక్క సిపాయి పేరు లేకపోయినా సరే.

పేర్లు కావాలంటే లీల్ షహర్ దగ్గర నవ్ షాపెల్‌కు పోవాలి. 1927లో తెరిచిన ఆ యాద్గార్ మీద ఖబర్ దొరకని 4,700 మందికి పైగా హిందుస్తానీల పేర్లున్నాయి. దేవుడు ఒక్కడే అన్న మాట ఇంగ్లీషు, అరబీ, హిందీ, గుర్ముఖి లిపుల్లో చెక్కారు.

సవార్ల తర్వాత తాలిబ్-ఎ-ఇల్మ్‌లు పోయారు. హైదరాబాద్‌లో పుట్టి ఉస్మానియాలో చదివిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా 1935లో సోర్బాన్‌లో డాక్టరేట్ తీసుకున్నాడు. 1948 తర్వాత దశాబ్దాల పాటు పారిస్‌లోనే ఉండి, 1959లో ఖురాన్‌కు ఫ్రెంచ్ తర్జుమా అచ్చు వేయించాడు. ఆయన గురించి ఇంకోసారి రాస్తాను, అది పెద్ద ఖిస్సా.

జూన్ చివర్లో, తిరిగి వచ్చే ముందు, మా భాంజా ఒక ఆదివారం రైలెక్కి ఆల్బెర్‌కు పోయాడు. అక్కడినుంచి బస్సు లేక నడక. నేను చెప్పానని కాదు, తనకే బుద్ధి పుట్టిందట. మధ్యాహ్నం ఫోన్ చేశాడు. హై వుడ్ ఇప్పుడు ఎవరిదో సొంత జాగా, లోపలికి పోనివ్వరు. రోడ్డు పక్కన నిలబడి చూపించాడు. ఎదురుగా ఆ చెట్లు, చుట్టూ కోతకు దగ్గరపడ్డ గోధుమ చేలు, గాలి చప్పుడు.

"మామూ, ఫాతెహా చదువుదామనుకుంటున్న. కిబ్లా ఏ దిక్కు?"

మెదక్‌లో పుట్టినవాడికి కిబ్లా అంటే పడమరే. పుట్టినప్పటి నుంచి అటే తిరిగాడు. అక్కడ అలా కాదు బేటా, ఆగ్నేయం వైపు తిరుగు అన్నాను. వాడు ఫోన్లో దిక్సూచి తీసుకుని మెల్లగా తిరిగాడు. అడవి వాడి వీపు వెనక్కు పోయింది. నాకు కాసేపు చేలు మాత్రమే కనిపించాయి.