గుండె స్లో అయితే పేస్‌మేకరేనా? అట్రోపిన్ కథ

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు పురుగుమందు కొట్టని చేను ఉండదు. ఆ మందు ఒంట్లోకి పోతే కొందరికి గుండె బాగా స్లో అయితది. నిమిషానికి 60 కన్నా తక్కువైతే బ్రాడీకార్డియా అంటరు. మరి పేస్‌మేకర్ పెట్టాలా?

1921లో ఆస్ట్రియాలో ఓటో లోవీ కప్ప గుండెకు పోయే వేగస్ నరాన్ని కదిలిస్తే గుండె నెమ్మదించింది. ఆ గుండెలోని ద్రవం తీసి ఇంకో కప్ప గుండెకు పెడితే అదీ నెమ్మదించింది! అంటే బ్రేక్ వేసేది ఒక రసాయనం. అదే ఎసిటైల్‌కోలిన్ అని తర్వాత తేలింది, 1936లో ఆయనకు నోబెల్ వచ్చింది. విచిత్రం ఏంటంటే, అదే ఏడాది జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ పురుగుమందు కోసం వెతుకుతూ టాబున్ అనే భయంకరమైన విషం తయారుచేసిండు. మన మోనోక్రోటోఫాస్ కూడా ఆ ఆర్గానోఫాస్ఫేట్ కుటుంబమే. ఇవి ఎసిటైల్‌కోలిన్‌ను విరగనివ్వవు, బ్రేక్ అట్లనే పట్టేసి ఉంటది.

ఆ బ్రేక్ వదిలించేది అట్రోపిన్ ఇంజెక్షన్. 1830ల్లోనే బెల్లడోనా మొక్క నుంచి తీసిన్రు. మన ఉమ్మెత్తలోనూ అట్లాంటి పదార్థాలే ఉన్నయ్. అట్లని గింజలు నూరి తాగించొద్దు, డోసు తెల్వక ప్రాణమే పోతది.

గుండెలో కరెంటు దారి పూర్తిగా తెగితే మాత్రం అట్రోపిన్‌తో సాధారణంగా పని కాదు. దానికి పేస్‌మేకరే, మనిషి ఒంట్లో మొదటిది 1958లో స్వీడన్‌లో పెట్టిన్రు.

మందు మీద పడితే బట్టలు తీసేసి, సబ్బుతో కడిగి, 108కి ఫోన్ చేయండి. డబ్బా కూడా వెంట తీసుకుపోండి, ఏ మందో డాక్టర్‌కు తెలుస్తది.