కేవడా ఇచ్చే మొగలి పొద: మొక్క ఎంచుకోవడం దగ్గరే ఉంది అసలు సంగతి

కోనసీమ: మొగలి పువ్వు వాసన తెలియని తెలుగు ఇల్లు దాదాపు ఉండదు. ఆడవాళ్లు జడలో పెట్టుకుంటారు, చీరల మధ్య రేకులు దాచుకుంటారు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ఇదే పువ్వును కేవడా అంటారు. బిర్యానీలో, జర్దాలో, షర్బత్‌లో చల్లే కేవడా నీళ్లు ఈ పువ్వును నీటిలో కాచి, ఆవిరి పట్టి తీసేవే. ఏడాది పొడవునా పచ్చగా ఉండే ఈ ముళ్ల పొద మన సముద్ర తీరానికి సొంత మొక్క. శాస్త్రీయ నామం పాండనస్.

మగ పొద, ఆడ పొద వేరు

బొప్పాయిలో లాగే మొగలిలోనూ మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. తెల్లటి పొడవాటి రేకులతో గుబాళించే పువ్వు మగ చెట్టుకే వస్తుంది. ఆడ చెట్టుకు అనాసపండులా కనిపించే గుండ్రటి కాయ కాస్తుంది. అందుకే వాసన కోసం పెంచుకునేవాళ్లు గింజ నాటకూడదు. గింజ నుంచి వచ్చిన మొక్క మగదో ఆడదో పూత వచ్చేదాకా తెలియదు. అప్పటికి కొన్నేళ్లు గడిచిపోతాయి. పువ్వు పూస్తుండగా కళ్లారా చూసిన పొద నుంచే పిలక తెచ్చుకోవాలి. గట్టుకు దడిగా మాత్రమే కావాలంటే ఏదైనా ఫర్వాలేదు.

ఎక్కడ, ఎప్పుడు నాటాలి

సఖినేటిపల్లి, మలికిపురం, అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వంటి తీర మండలాల ఇసుక నేలలు మొగలికి సరిపోతాయి. ఉప్పు గాలిని, కొంత ఉప్పు నీటిని కూడా ఇది తట్టుకుంటుంది. లోపలి ఊళ్లలోనైతే కొబ్బరి తోట అంచున, ఎండ బాగా తగిలే చోట పెట్టుకోవచ్చు. గట్టి నీడలో పూత తగ్గుతుంది.

తొలకరి వానలు పడ్డాక నాటడం మంచిది. ఊడలు మొదలైన పిలకను గానీ, కొమ్మ ముక్కను గానీ తీసుకుని, ఆకులు సగానికి కత్తిరించి, మొదలు కదలకుండా మట్టి గట్టిగా నొక్కాలి. పొదకూ పొదకూ మధ్య 8 నుంచి 10 అడుగులు వదలాలి. గుంటలో కాస్త మాగిన పశువుల ఎరువు వేస్తే చాలు. మొదటి వేసవిలో మాత్రం నీళ్లు పెట్టాలి. వేరు పట్టిన తర్వాత పెద్దగా అడగదు. లేత మొక్క మొదట్లో మాత్రం వారాల తరబడి నీరు నిలవనివ్వకూడదు, కుళ్లిపోతుంది.

కొనలు నరకొద్దు

చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. పొద దారికి అడ్డం వస్తోందని పైన చదునుగా నరికేస్తుంటారు. మొగలి పువ్వు కొమ్మ చివరే వస్తుంది. కొనలన్నీ పోతే పూతా పోతుంది. తీయాల్సింది కింద వేలాడే ఎండుటాకులు. ఆకు అంచులకూ, అడుగున నడిమి ఈనెకూ ముళ్లుంటాయి కాబట్టి చేతికి మందపాటి తొడుగు వేసుకుని, పొడవాటి పిడి ఉన్న కొడవలితో కోయాలి. పిల్లలు తిరిగే నడవ పక్కన ఈ మొక్క పెట్టకపోవడమే మేలు.

మొగలి వాసనకు పాములు వస్తాయని పెద్దలు అంటుంటారు. ఒత్తుగా పేరుకున్న ఎండుటాకుల్లో ఎలుకలు, కప్పలు చేరతాయి. వాటి కోసం పాములు వస్తాయి. అడుగు శుభ్రంగా ఉంచితే ఆ భయం చాలావరకు తగ్గుతుంది.

పువ్వుకు ధర ఉన్న చోటు

వానాకాలంలో పూత ఎక్కువ. పూర్తిగా విచ్చుకోకముందే, తెల్లవారుజామున కోసిన పువ్వుకే వాసన నిలుస్తుంది. తెలుగువాళ్లు బాగా ఉండే ఒడిశాలోని గంజాం జిల్లాలో మొగలి పువ్వే చాలా కుటుంబాలకు ఆదాయం. కోసిన రోజే రాగి పాత్రల్లో కాచి అత్తరు, కేవడా నీళ్లు తీస్తారు. గంజాం కేవడాకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. బజారులో దొరికే సీసాల్లో చాలావాటిలో ఉండేది రసాయన సువాసనే. కొనేముందు లేబుల్ చదువుకోవాలి.

గట్టుకు కాపు

1996 నవంబరు 6 తుపాను కోనసీమ కొబ్బరి తోటలను ఎలా తుడిచిపెట్టిందో పాతవాళ్లకు గుర్తే. ఏ పొదా తుపానును ఆపలేదు. కానీ మొగలి ఊడలు ఇసుకను, గట్టు మట్టిని పట్టి ఉంచుతాయి. కోతను నెమ్మదింపజేస్తాయి. రొయ్యల చెరువుల కోసం, ఇటుక ప్రహరీల కోసం ఒక్కసారి వేళ్లతో పెకలించిన పొద మళ్లీ అంత గుబురు కావాలంటే ఏళ్లు పడుతుంది. తీయక తప్పకపోతే ముందు పిలకలు వేరుచేసి, స్థలం హద్దులో ఇంకో చోట నాటుకోవడం మంచిది. అది పువ్విచ్చే మగ పొదైతే మరీ అవసరం. అలాంటి పొద దగ్గర్లో ఇంకోటి దొరుకుతుందన్న నమ్మకం లేదు.