అర్ధపట్టా శకటములు: రెండు మహాయుద్ధముల నడిమి చరిత్ర

మొదటి ప్రపంచ మహాయుద్ధము (1914–1918) ముగియునాటికి ఐరోపా సేనానులకు రెండు సంగతులు తేటపడెను. చక్రముల బండి బాటపై వేగముగా పోవును గాని బురదలో దిగబడును. ట్యాంకు బురదను దాటును గాని నిదానముగా నడచును. దాని వెలయు మిక్కుటము. ఈ రెంటికిని నడుమ నిలిచినది అర్ధపట్టా శకటము, అనగా హాఫ్‌ట్రాక్. దారి మరల్చుటకు ముందు చక్రములు, బరువు మోయుటకు వెనుక పట్టాలు దీని లక్షణము.

రష్యా చక్రవర్తి రెండవ నికొలస్ మోటారుశాలలో పనిచేసిన అడాల్ఫ్ కెగ్రెస్ అను ఫ్రెంచి యంత్రజ్ఞుడు, మంచుపై కార్లు నడుపుటకై మెత్తని పట్టాను కల్పించెను. 1917 విప్లవానంతర మాతడు స్వదేశము చేరి సిట్రోయెన్ సంస్థతో కలిసెను. 1922 డిసెంబరులో బయలుదేరిన ఐదు శకటములు 1923 జనవరిలో సహారా ఎడారిని దాటి టింబక్టు చేరగా, వాని కీర్తి సైన్యముల చెవిని బడెను.

ఆ పట్టా రబ్బరును గుడ్డను కలిపి చేసినది. టెంఘర్, భివండి మరమగ్గముల నడుమ బ్రదుకు మనవారికి దీని మర్మము చెప్పనక్కరలేదు: పట్టా వదులైన జారును, మితిమీరి బిగించిన త్వరగా అరుగును. సైన్యములను బాధించినదియు నీ అరుగుదలయే.

ఫ్రాన్సు ఫిరంగులు లాగుటకు వీనిని విరివిగా వాడెను. పోలెండు కొని, పిదప స్వయముగా నిర్మించెను. బ్రిటిషు సైన్యము క్రాస్లీ, బర్ఫర్డ్ బండ్లకు కెగ్రెస్ పట్టాలు తొడిగి పరీక్షించెను గాని, ఆరు చక్రముల లారీలు చౌకగా పనిచేయుటచే వానివైపు మొగ్గెను. అమెరికా 1931లో ఒక సిట్రోయెన్ శకటమును కొని, దానిని పరిశీలించి స్వంత నమూనాలు తయారుచేసెను. జర్మనీ మాత్రము ఉక్కు పట్టాలకు రబ్బరు మెత్తలు అమర్చి, 1 టన్ను మొదలు 18 టన్నుల వరకు లాగుడుబండ్ల శ్రేణిని రూపొందించెను.

మన ఉపఖండమున దీని పరీక్ష 1931లో జరిగెను. సిట్రోయెన్ ఆసియా యాత్రకు చెందిన రెండు శకటములు శ్రీనగరమునుండి బయలుదేరి బుర్జిల్ కనుమ మీదుగా ఆగస్టులో గిల్గిత్ చేరెను. బాట కూలినచోట బండ్లను భాగములుగా విప్పి కూలీల భుజములపై మోయించిరి. గిల్గిత్ పిదప యాత్రికులు బండ్లను విడిచి గుఱ్ఱములనెక్కిరి. యాత్రానాయకుల పేర్లు చరిత్రకెక్కినవి. ఆ మోతగాండ్ర పేర్లు లోకమెరుగదు. యంత్రచరిత్ర వ్రాయువారు ఈ శ్రమనుగూడ లెక్కింపవలెను.

రెండవ యుద్ధమున అమెరికా నలుబదివేలకు పైగా అర్ధపట్టా శకటములు నిర్మించెను. అటుపిమ్మట పూర్తి పట్టాల వాహనములును, అన్ని చక్రములకు శక్తి నందించు లారీలును బలపడగా, వాని యవసరము తగ్గెను. ఒక తరము అక్కర తీర్చి తొలగిన సాధనమైనను, రెండు యుగముల నడుమ అది వేసిన వంతెన మరువరానిది.