జూనియర్ డాక్టర్ల లాగ్‌బుక్కులో ఖాళీ పేజీలు

2021 మే నెలలో మా మరోదా తెలుగువాళ్ల ఫోన్ల నిండా ఒకటే కబురు, ఆనందయ్య మందు. దాని కోసం నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో వేలమంది బారులు తీరారు. "పరీక్షలకు నిలబడని మందుని ఎలా నమ్ముతారండీ?" అన్నాను మా పొరుగాయనతో. "మరి మీ డాక్టర్లు ఈ కొత్త జబ్బుకి ఎక్కడ చదువుకుని వచ్చారు?" అన్నాడాయన. హేతువాదులం ఈ ప్రశ్నని కొట్టిపారెయ్యకూడదు.

డాక్టర్ని మనం నమ్మేది తెల్లకోటు చూసి కాదు. పెద్ద డాక్టర్ల పక్కన నిలబడి వందల రోగులను చూసి, తప్పులు దిద్దించుకుని నేర్చుకున్నాడు కాబట్టి. కోవిడ్ గండి కొట్టింది సరిగ్గా అక్కడే.

హైదరాబాద్ గాంధీ ఆసుపత్రి సంగతి చూడండి. 2020లో దాన్ని పూర్తిగా కోవిడ్ ఆసుపత్రి చేశారు. ఏ విభాగం పీజీ అయినా డ్యూటీ కోవిడ్ వార్డులోనే. ఆపరేషన్లే జరగనిచోట సర్జన్ ఎలా తయారవుతాడు? ఆ జూన్‌లో ఒక రోగి చనిపోతే బంధువులు జూనియర్ డాక్టరు మీద దాడి చేశారు. ధర్నాకి దిగిన జూడాలు భద్రత ఒక్కటే అడగలేదు, కోవిడ్ రోగులను మిగతా ఆసుపత్రులకూ పంచమన్నారు. నవంబర్‌లో ఇతర సేవలు మొదలయ్యాయి. 2021 ఏప్రిల్‌లో మళ్లీ ఆగిపోయాయి.

ఆ ఏప్రిల్ 18న జరగాల్సిన నీట్ పీజీ పరీక్ష సెప్టెంబర్ 11కి గాని జరగలేదు. కౌన్సెలింగ్ 2022 జనవరిలో మొదలైంది. అంతవరకూ కొత్త బ్యాచ్ లేదు. మూడు బ్యాచ్‌ల పని రెండు బ్యాచ్‌లు మోశాయి.

వాళ్లు నేర్చుకున్నదీ ఉంది. ప్లాస్మా చికిత్స మీద ఎన్ని ఆశలు పెట్టుకున్నామో గుర్తుందా? ప్రయోజనం లేదని పరీక్షల్లో తేలాక 2021 మేలో దాన్ని చికిత్స మార్గదర్శకాల్లోంచి తీసేశారు. నిన్న తాము చేసిన వైద్యం పనికిరాదని ఇవాళ ఒప్పుకోవడం ఏ బాబా ఆశ్రమంలోనూ నేర్పరు. మా పొరుగాయనకి నా జవాబు ఇదే.

కానీ డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసినవాణ్ణి, వోచరు లేని ఎంట్రీని ఒప్పుకోలేను. పీజీల లాగ్‌బుక్కూ లెక్కల పుస్తకమే. చెయ్యని ఆపరేషన్లని డిగ్రీ కాగితం పూడ్చలేదు. ఆ బ్యాచ్‌లే ఇప్పుడు మనకి వైద్యం చేస్తున్నాయి. ఎవరికి ఏ శిక్షణ తగ్గిందో లెక్క తీసి పూర్తి చెయ్యమని అడగాలి. ఇంకో మహమ్మారి వస్తే బోధనాసుపత్రి మొత్తాన్ని ఒకే జబ్బుకి అప్పగించవద్దని కూడా అడగాలి. బాబాలను ప్రశ్నించే మనకి ఇది అడిగే బాధ్యత లేదా?